మంద్రం లేని మురళి

ఐరోపా సంగీతంలో సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన బరోక్ యుగంలో రచనకు ఆధారం మంద్రరేఖ. పైన వయొలినో వేణువో ఒక స్వరరేఖను పలికిస్తుంటే, అడుగున చెల్లో వంటి తంత్రీవాద్యం మంద్రస్వరాలను పట్టి నడిపించేది. ఆ స్వరాల దగ్గర వేసిన అంకెలను చూసి హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం వాయించేవాడు వాటి మీద తగిన స్వరకూటములను, అంటే ఏకకాలంలో మోగే మూడు నాలుగు స్వరాల గుంపులను, అప్పటికప్పుడు కల్పించి నింపేవాడు. బాసో కంటిన్యుయో, అనగా ఎడతెగని మంద్రం, అని పిలిచే ఈ ఏర్పాటు ఆనాటి వాద్యరచనల్లో దాదాపు అన్నింటికీ వెన్నెముక. అటువంటి కాలంలో ఒక ముద్రిత గ్రంథం ముఖపత్రం మీద ‘మంద్రం లేకుండా’ అని వేయడమంటే, తన సంగీతానికి ఉండవలసిన నేలను రచయిత తానే తీసివేశానని చాటడమే. ఒంటి సుషిరవాద్యానికి రాసిన చిన్న రచనల చరిత్రను పరిశీలిస్తే, ఆ తీసివేసిన నేల స్థానంలో ఒక్కొక్క తరం ఒక్కొక్కదాన్ని పరచడానికి చేసిన ప్రయత్నమే అందులో ప్రధానంగా కనిపిస్తుంది.

ఈ పని సుషిరవాద్యానికి ఎందుకు కష్టమో వాద్యం తీరులోనే తెలుస్తుంది. వయొలిన్ ఒకేసారి రెండు తంతువులను మోగించగలదు. మీటల వాద్యానికి పది వేళ్లున్నాయి. వేణువుకు మాత్రం ఒక సమయంలో ఒకటే స్వరం. అంతకంటె కఠినమైన హద్దు ఊపిరి. అడ్డంగా పట్టి ఊదే వేణువులో వాద్యకారుడు వదిలిన గాలిలో పెద్ద భాగం రంధ్రపు అంచుకు తగిలి బయటికే పోతుంది గనుక దమ్ము త్వరగా అయిపోతుంది. ఓబో పరిస్థితి దీనికి సరిగ్గా విరుద్ధం: దాని జంట రెల్లుముక్కల సందులోంచి దూరే గాలి అత్యల్పం కాబట్టి, వాయించేవాడు గాలి చాలక కాక, వాడిన గాలి లోపలే నిలిచిపోయి ఉక్కిరిబిక్కిరవుతాడు. తోడు వాద్యాలున్నప్పుడు వేణువు ఆగి ఊపిరి తీసుకునే క్షణాన్ని అవి నింపుతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ క్షణం శ్రోత చెవిలో ఖాళీగానే పడుతుంది. ఇటువంటి రచనలు రెండు మూడు నిమిషాలకో, మహా అయితే ఐదారు నిమిషాలకో ముగియడానికి, లేదా అంతటి చిన్న భాగాల కూర్పుగా ఉండడానికి, ఊపిరితిత్తుల శక్తితో పాటు శ్రోత ఓర్పు కూడా కారణం.

కర్ణాటక సంగీతం విని పెరిగిన తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుచేయడం అవసరం. వేణుగానంలో తాళం లేకుండా సాగే ఆలాపన కూడా పైకి ఒంటరిదిగానే తోస్తుంది గాని, దాని వెనుక తంబురా ఎప్పుడూ షడ్జ పంచమాలను మోగిస్తూనే ఉంటుంది. సన్నాయి మేళంలో కేవలం శ్రుతి పట్టడానికే ఒక మనిషి కూర్చుంటాడు. ప్రతి స్వరమూ ఆ షడ్జానికి ఎంత దూరంలో ఉందన్న కొలత శ్రోతకు నిరంతరం అందుతూ ఉంటుంది. ఐరోపా ఒంటి వేణువుకు ఆ శ్రుతి కూడా లేదు. ఆధారషడ్జం ఏదో వాద్యకారుడే తన స్వరాలతో స్థాపించాలి, దాన్ని మార్చదలిస్తే మార్చిన సంగతి శ్రోతకు తెలిసేలా చేయాలి, ఊపిరి తీసుకునే విరామాల్లో అది జారిపోకుండా కాపాడాలి.

ఒకే రచయిత ఒంటి సుషిరవాద్యానికి కూర్చిన సంకలనాల్లో అతి పెద్దదిగా పేరుపొందినది నెదర్లాండ్స్ దేశపు ఉట్రెక్ట్ నగరంలో పుట్టింది. దాని కర్త యాకబ్ వాన్ ఐక్ పుట్టుగుడ్డి. 1590 ప్రాంతంలో ఒక కులీన కుటుంబంలో జన్మించి, 1625లో ఉట్రెక్ట్ ప్రధాన చర్చి గోపురంలోని ఘంటల వరుసను వాయించే ఉద్యోగంలో చేరాడు. కారిల్లాన్ అనే ఈ ఘంటావాద్యంలో వేర్వేరు స్థాయిల్లో పోతపోసిన గంటలను మీటల ద్వారా మోగించి పాటలు పలికిస్తారు. ఒక్క గంట మోగినప్పుడు దాని ప్రధానస్వరంతో పాటు మరికొన్ని అనుస్వరాలు కూడా మోగుతాయని, వాటిని విడివిడిగా గుర్తించి సరిదిద్దితేనే గంటల వరుస శ్రుతిలో నిలుస్తుందని గ్రహించినవాడు వాన్ ఐక్. గంట దగ్గర ఈల వేసి అందులోని ఒక్కొక్క అనుస్వరాన్ని అతడు వేరుగా మోగించి చూపేవాడట. ఆ జ్ఞానం ఆధారంగానే ఎమోని సోదరులు 1644లో జుట్ఫెన్ పట్టణానికి సక్రమంగా శ్రుతి చేసిన తొలి కారిల్లాన్‌ను పోతపోశారు. తత్త్వవేత్త డెకార్త్ సైతం అతడి పరిశోధనను ఎరిగినవాడే.

గోపురం మీద గంటలు వాయించే వాన్ ఐక్ నేల మీద రికార్డర్ వాయించేవాడు. రికార్డర్ అనేది నిలువుగా పట్టి, ఈలలాంటి నోటితో ఊదే చెక్క వేణువు. గాలి తక్కువ చాలు, వేళ్ల పట్టు త్వరగా అబ్బుతుంది. 1649లో ఉట్రెక్ట్‌లోని సెయింట్ జాన్స్ చర్చి అధికారులు అతడి వార్షిక వేతనాన్ని 80 గిల్డర్ల నుంచి 100 గిల్డర్లకు పెంచుతూ, చర్చి ఆవరణలో సాయంత్రం వాహ్యాళికి వచ్చేవారిని అప్పుడప్పుడు తన చిన్న వేణువుతో రంజింపజేయాలని షరతు పెట్టారు. ఒంటి వేణువు రచనల వెనుక ఉన్న సామాజిక సందర్భాన్ని ఇంత సూటిగా చెప్పే ఆధారాలు అరుదు. ఆరుబయట నడుస్తూ పోయేవారికి హార్ప్సికార్డ్ వినిపించడం కుదరదు. జేబులో పట్టే వేణువు, చెవికి ముందే పరిచయమైన పాట, కాసేపు ఆగి వినే జనం ఉంటే సరిపోతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ ముద్రాపకుడు పౌలుస్ మాథైస్ 1640ల్లో అచ్చువేసిన అతడి సంకలనం పేరు ‘డెర్ ఫ్లౌటెన్ లుస్ట్‌హోఫ్’, అంటే వేణువుల విలాసవనం. అందులో సుమారు 150 రచనలున్నాయి. చూపులేని రచయిత వాయించి వినిపిస్తుంటే వేరొకరు స్వరాలను కాగితం మీదికి ఎక్కించి ఉంటారు. ఎక్కువ రచనలకు ఒకటే పద్ధతి: ముందుగా జనం నోట ఉన్న పాటను ఉన్నదున్నట్టు పలికించడం, తరువాత అదే పాటలోని ప్రతి దీర్ఘస్వరాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విరుస్తూ, ఒక్కొక్క ఆవృత్తిలో వేగం రెట్టింపవుతున్నట్టు వినిపించడం. డచ్చివారు ఈ క్రియను విరవడం అనే అనేవారు. కాలం రెట్టించి పాడే అలవాటున్న కర్ణాటక శ్రోతకు దీని తర్కం సులభంగానే అర్థమవుతుంది, అయితే ఇక్కడ పాట నడక మారదు, నడుమ నింపే స్వరాలే పెరుగుతాయి. ఇంగ్లండుకు చెందిన డౌలండ్ ‘లాక్రిమే’, ఇటలీకి చెందిన కచ్చీని ‘అమరిల్లి’ మొదలుకొని చర్చిలో సమాజమంతా కలిసి పాడే కీర్తనల వరకు అందులో చోటుచేసుకున్నాయి.

ఆ సంకలనంలో మంద్రరేఖ లేని కొరత ఎందుకు తెలియదన్నది గమనించదగిన విషయం. తోడు శ్రోత జ్ఞాపకంలోనే ఉంది. పాట ముందే తెలిసినవాడికి, వేణువు ఎంత వేగంగా చిన్న స్వరాల్లోకి చీలిపోయినా, అడుగున అసలు పాట తన నడకన తాను సాగుతున్నట్టే ఉంటుంది. నేటి శ్రోతకు ఆ పాటల్లో అధికభాగం తెలియవు గనుక, కచేరీల్లో ఈ రచనలు కొన్నిసార్లు పొడిగా, వ్యాయామాల్లా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. అది రచన లోపమూ కాదు, వాద్యకారుడి లోపమూ కాదు. పరిచయం మీద ఆధారపడని రచన కూడా అందులో ఒకటుంది: గట్టిగా పలికిన పదాన్ని వెంటనే మెల్లగా తిరిగి పలికించి, ఒకే వేణువును ఇద్దరిలా వినిపించే ప్రతిధ్వని ఫాంటసియా. ఈ ఉపాయాన్ని తరువాతి రచయితలు చాలాకాలం మరువలేదు.

పదిహేడో శతాబ్దం చివరికి ఫ్రాన్సులో వేణువే మారిపోయింది. నిలువు రికార్డర్ స్థానంలోకి మూడు నాలుగు ముక్కలుగా విడదీయగల, ఒకే ఒక లోహపు మీట ఉన్న అడ్డవేణువు వచ్చింది. దీన్ని నేటి వాద్యకారులు ట్రావెర్సో అంటారు. దీని సహజమైన స్వరశ్రేణి ‘డి’ మేజర్. దానికి వెలుపలి స్వరాలు కావాలంటే రంధ్రాలను మధ్యలో ఒకటి వదిలి మూయవలసి వస్తుంది, అలా పుట్టిన స్వరం కొంచెం మసకగా, దూరం నుంచి వచ్చినట్టు పలుకుతుంది. అంటే ప్రతి స్వరశ్రేణికీ ఈ వాద్యం మీద దానిదైన రంగు ఉండేది. రాజాస్థాన వాద్యకారుడు జాక్ ఓతెతేర్ 1707లో ఈ వేణువుకు తొలి బోధనగ్రంథం రాశాడు. 1719లో ‘ప్రెల్యూడ్’ వాయించే కళ గురించి మరొకటి వెలువరించాడు. ప్రెల్యూడ్ అంటే అసలు రచనకు ముందు, ఏ స్వరశ్రేణిలో వాయించబోతున్నారో దాన్ని చెవికి పరిచయం చేస్తూ అప్పటికప్పుడు అల్లుకునే చిన్న ఆలాపం. అది రాసిపెట్టుకునేది కాదు, వేళ్లలోంచి పుట్టవలసినది. ఆ మనోధర్మాన్ని నేర్పడం కోసం నమూనాలు రాయక తప్పలేదు. ఆ నమూనాలే తోడులేని వేణువు రచనకు మరొక మూలమయ్యాయి.

జర్మన్ దేశాల్లో ఈ రచన పరాకాష్ఠకు చేరింది. జొహాన్ సెబాస్టియన్ బాఖ్ పేర నిలిచిన ‘ఎ’ మైనర్ రచన ఒకే ఒక చేతిరాత ప్రతిగా దొరికింది. అందులో దాని శీర్షిక అడ్డవేణువుకు ‘సోలో’ అని మాత్రమే. నేడు వాడుకలో ఉన్న ‘పార్టీటా’ అనే పేరు, అంటే నృత్యఖండికల మాల, ఇరవయ్యో శతాబ్దపు సంపాదకులు పెట్టినది. అల్లెమాండ్, కొర్రెంతే, సరబాండ్, ఇంగ్లీషు బూరే అనే నాలుగు ఖండికల్లో మొదటిది ఈ చరిత్రలోకెల్లా విచిత్రమైనది: మొదటి చిన్న విరామం తరువాత స్వరాలన్నీ ఒకే పొడవున, తెంపులేకుండా సాగిపోతాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో రచయిత ఎక్కడా చెప్పలేదు, దానికి చోటూ ఉంచలేదు. ఈ కారణం చేతనే ఇది మొదట వేరే వాద్యానికి రాసినదేమోనని కొందరు పండితులు వాదించారు. ఖండిక ఆఖరున ఆనాటి వేణువు మీద పలికించడానికే కష్టమైన ఎత్తైన ‘ఎ’ స్వరం వస్తుంది.

అయినా ఆ ఎడతెగని ప్రవాహంలో మంద్రరేఖ ఉంది. దాన్ని వినిపించే పద్ధతి సూక్ష్మమైనది. మనిషి చెవి వేగంగా వచ్చే స్వరాలను స్థాయిని బట్టి వేర్వేరు గుంపులుగా కట్టుకుంటుంది. వేణువు పైస్థాయిలో నాలుగు స్వరాలు పలికి, ఒక్కసారి కిందికి దూకి ఒక స్వరాన్ని తాకి, మళ్లీ పైకి వెళ్తే, ఆ కింది స్వరం ఆగిపోయినా జ్ఞాపకంలో మోగుతూనే ఉంటుంది. కాసేపటికి దాని పక్కమెట్టు మీద మరో కిందిస్వరం పడితే, రెండూ కలిసి ఒక గీతగా అతుక్కుంటాయి. ఇలా ఒకే స్వరరేఖలో రెండు మూడు రేఖలను పొదగడాన్ని సంగీతశాస్త్రజ్ఞులు సంయుక్త స్వరరేఖ అంటారు. వాద్యకారుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడన్నది ఇప్పుడు వట్టి శరీర అవసరం కాదు: దూకుడుకు సరిగ్గా ముందు తీసుకుంటే రెండు రేఖలూ విడివడి తెలుస్తాయి, ఒక రేఖ మధ్యలో తీసుకుంటే కట్టడమంతా కూలుతుంది. ఊపిరి గుర్తులు లేకపోవడం బాఖ్ పరాకు కాదని, ఆ విశ్లేషణను వాద్యకారుడికే వదిలిపెట్టాడని అనుకోవడమే న్యాయం.

గేఓర్గ్ ఫిలిప్ టేలెమాన్ తీరు వేరు. 1721 నుంచి హాంబుర్గ్ నగరంలో ప్రధాన చర్చిల సంగీతానికి నిర్వాహకుడైన అతడు, వేణువు, ఓబో, వయొలిన్ వంటి అనేక వాద్యాలను స్వయంగా వాయించగలవాడు, తన రచనల ముద్రణ ఫలకాలను చాలావరకు తానే చెక్కుకుని అమ్ముకున్న వ్యాపారదక్షుడు. 1730ల తొలి సంవత్సరాల్లో వెలువడినట్టు సాధారణంగా లెక్కించే అతడి పన్నెండు వేణు ఫాంటసియాలకు మిగిలిన ఏకైక ముద్రిత ప్రతి బ్రసెల్స్ సంగీత విద్యాలయ గ్రంథాలయంలో ఉంది. విడ్డూరమేమంటే, దాని ముఖపత్రం అవి మంద్రం లేని వయొలిన్‌కు అంటుంది. రచయిత పేరు అచ్చులో లేదు, పెన్సిల్‌తో రాసి ఉంది. లోపలి స్వరాలు మాత్రం వేణువు పరిధిని దాటవు, వయొలిన్‌కు సహజమైన జంటస్వరాలు ఎక్కడా లేవు. 1735లో అతడు ఇటువంటివే వయొలిన్‌కు పన్నెండు, వియోలా ద గాంబా అనే నిలువు తంత్రీవాద్యానికి పన్నెండు వెలువరించాడు. ఈ చివరివి పోయాయనే చాలాకాలం భావించగా 2015లో తిరిగి బయటపడ్డాయి.

ఈ పన్నెండింటి వరుసలో ఒక బోధకుడి దృష్టి కనిపిస్తుంది. అవి ‘ఎ’ నుంచి ‘జి’ వరకు మెట్టుమెట్టుగా ఎక్కుతూ, కొన్ని మెట్ల దగ్గర మేజర్, మైనర్ అనే రెండు ఛాయలనూ తాకుతూ పోతాయి. ఒక్క మీట వేణువు మీద మరీ కష్టమైన స్వరశ్రేణులను మాత్రం వదిలేస్తాయి. అందువల్ల మొత్తాన్ని వాయించిన అభ్యాసికి వాద్యంలోని తేట రంగులూ మసక రంగులూ అన్నీ చేతికి వస్తాయి. ఒక్కొక్క ఫాంటసియా నాలుగైదు నిమిషాలు మించదు. అందులోనే రెండు మూడు భిన్నమైన విభాగాలు, చివర తరచు ఒక పల్లెటూరి నృత్యం. ఆ చిన్న పరిధిలోకి టేలెమాన్ పెద్ద రూపాలను దించాడు. ఏడవదానిలో ఫ్రెంచి రాజసభల వాద్యబృందం వాయించే ప్రారంభ సంగీతం, దాని ఠీవిగల కుంటినడకతో సహా, ఒక్క వేణువు మీద నిలుస్తుంది. ఐదవదానిలో ఒక చిన్న మంద్రపదం పదేపదే తిరిగివస్తూ దాని మీద అల్లికలు మారే రూపముంది. మరికొన్నింటిలో ఫ్యూగ్ పోకడలున్నాయి. ఫ్యూగ్ అంటే ఒక పల్లవి లాంటి పదాన్ని ఒక గొంతు ఎత్తుకోగా, రెండవది, మూడవది వేర్వేరు స్థాయిల్లో దాన్నే అందుకుని పెనవేసే రచన. కనీసం ఇద్దరు లేనిదే అది నిర్వచనం ప్రకారమే అసాధ్యం. టేలెమాన్ ఒక స్థాయిలో పదాన్ని పలికించి, అది పూర్తికాకముందే వేరే స్థాయికి దూకి అదే పదాన్ని ఎత్తుకుంటాడు. మొదటి గొంతు ఏమైందని శ్రోత అడగడు; అది సాగుతూనే ఉందని అనుకుంటాడు.

బాఖ్ వేణువును తన ఆలోచనకు వంచాడని, టేలెమాన్ తన ఆలోచనను వేణువుకు అమర్చాడని చెప్పవచ్చు. టేలెమాన్ విరామాలు ఊపిరికి సరిపోతాయి, పదాలు వేళ్లకు ఒదుగుతాయి, హాస్యానికీ చోటుంది. గొప్పతనం లెక్కల్లో అతడికి వెనుకటి శతాబ్దపు విమర్శకులు వేసిన తక్కువ మార్కులు ఈ పన్నెండు రచనల ముందు నిలవవు.

బెర్లిన్‌లో ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ స్వయంగా వేణువు వాయించేవాడు. అతడి గురువు క్వాంట్స్ 1752లో రాసిన బృహద్గ్రంథం నాలుక కదలికలనుంచి ఊపిరి తీసుకునే చోట్ల వరకు వేణువాదనాన్ని శాస్త్రంగా కూర్చింది. అదే ఆస్థానంలో రాజుకు హార్ప్సికార్డ్ సహకారం అందించే కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ బాఖ్, అంటే సెబాస్టియన్ బాఖ్ కుమారుడు, 1747లో ‘ఎ’ మైనర్‌లో ఒక ఒంటి వేణువు సొనాటా రాశాడు. అది 1763లో అచ్చయింది. నిత్యం వేరొకరి వేణువుకు మంద్రాన్ని అందించే మనిషి మంద్రం లేని వేణువుకు రాయడం యాదృచ్ఛికమే కావచ్చు; ఏ స్వరం అడుగున ఏది ఉండాలో అతడికి తెలిసినంతగా మరొకరికి తెలియదన్నది మాత్రం ఆ రచన ప్రతి వాక్యంలోనూ వినిపిస్తుంది.

ఆ తరువాతి నూట పాతికేళ్లను త్వరగా దాటవచ్చు. పియానో మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది, కచేరీ మందిరాలు పెరిగాయి, వేణువు వాద్యబృందంలో ఒక రంగుగానో, పియానో తోడుతో గారడీలు చేసే వాద్యంగానో స్థిరపడింది. తోడులేని రచన తరగతి గదిలోని అభ్యాసఖండికకు, కచేరీ రచన మధ్య వాద్యకారుడు ఒంటరిగా విజృంభించే చిన్న సందుకు పరిమితమైంది. కాని ఇదే కాలంలో మ్యూనిక్‌కు చెందిన స్వర్ణకారుడు, వేణువాద్యకారుడు థియోబాల్డ్ బోమ్ 1832లోనూ, మరింత సంపూర్ణంగా 1847లోనూ వేణువును మళ్లీ నిర్మించాడు: రంధ్రాలను వేళ్లకు అందే చోట కాక శ్రుతి కోరే చోట తొలిచి, వాటిని మూయడానికి మీటల యంత్రాంగాన్ని అమర్చాడు. ఫలితంగా స్వరాలన్నీ సమానమైన తేజస్సు పొందాయి. పాత వేణువు మసక రంగులు పోయాయి. ప్యారిస్ సంగీత విద్యాలయం 1860లో ఈ వేణువును స్వీకరించింది. 1893 నుంచి అక్కడ బోధించిన పోల్ తఫనెల్ వేగం కంటె నాదానికి, కంఠంలాంటి పలుకుకు ప్రాధాన్యమిచ్చి, పాతకాలపు రచనలను తిరిగి వెలికితీసి, ఒక సంప్రదాయాన్నే నెలకొల్పాడు. తరువాతి కథలో వచ్చే ఇద్దరు ముఖ్య వాద్యకారులు, జార్జ్ బరేర్, లూయీ ఫ్లెరీ, అతడి శిష్యులే.

1894 డిసెంబరు 22న క్లోద్ డెబ్యుసీ రాసిన ‘ఫాన్’ ప్రెల్యూడ్ తొలిసారి ప్యారిస్‌లో మోగినప్పుడు, తోడేమీ లేకుండా దాన్ని మొదలుపెట్టిన వేణువు బరేర్‌ది. అక్కడ కొన్ని క్షణాల తరువాత వాద్యబృందం వచ్చి చేరుతుంది. పంతొమ్మిదేళ్ల తరువాత డెబ్యుసీ వేణువును ఒంటరిగానే వదిలేశాడు. గాబ్రియెల్ మూరే రాసిన ‘సైకీ’ అనే పద్యనాటకంలో, మరణించబోయే పాన్ అనే వనదేవత చివరిసారి ఊదే పాట కోసం రాసిన ఆ రచనను 1913 డిసెంబరు 1న లూయీ మోర్స్ అనే ధనికుడి ఇంట జరిగిన ప్రదర్శనలో ఫ్లెరీ తెరవెనుక నుంచి వాయించాడు. డెబ్యుసీ దాన్ని పాన్ వేణువు అని పిలిచాడు. ఫ్లెరీ బతికినంతకాలం అది అతడి సొత్తుగా ఉండిపోయింది. అతడు 1926లో మరణించాక, 1927లో అచ్చువేసిన జోబేర్ సంస్థ దానికి ‘సిరింక్స్’ అని పేరు పెట్టింది. రోమన్ కవి ఓవిడ్ కథలో పాన్ నుంచి తప్పించుకోవడానికి రెల్లుగా మారిన కన్య పేరది; ఆ రెల్లుతోనే పాన్ వేణువు కట్టుకున్నాడని కథ.

అచ్చులో 35 గడులు, అనగా నిలువు గీతల మధ్య తాళఖండాలు, ఉన్న ఈ రచన మూడు నిమిషాలలోపే ముగుస్తుంది. ఇందులో బాఖ్ లెక్కలేవీ లేవు. కిందిస్వరాలతో మంద్రాన్ని సూచించే ప్రయత్నం లేదు, ఒక్క వేణువు ఇద్దరిలా నటించడం లేదు. మొదటి పదం ఒక స్వరం చుట్టూ జారుతూ దిగి, ఆగి, మళ్లీ అదే చోట మొదలవుతుంది. ఆధారషడ్జం ఏదో తేలకముందే పక్కకు తొలగుతుంది. చివరికి అన్నీ సమాన దూరంలో ఉన్న మెట్ల మీదుగా అడుగు స్థాయికి దిగి పలచబడిపోతుంది. సమదూరపు మెట్లలో ఏ స్వరానికీ ఇల్లన్న గుర్తు ఉండదు గనుక ముగింపు ముగింపులా కాక ఆగిపోవడంలా వినిపిస్తుంది. రెండు వందల ఏళ్లుగా రచయితలు నేల లేదన్న సంగతిని దాచడానికి పడిన పాట్లన్నింటినీ డెబ్యుసీ పక్కన పెట్టి, లేని నేలను లేనట్టుగానే చూపాడు. ఒంటి వేణువు రచన చరిత్రను రెండుగా విడదీయవలసి వస్తే గీత ఇక్కడే పడాలి. ఇది సాధ్యం కావడానికి నాటకరంగం సాయపడిందన్నది కూడా మరువరాదు: తెరవెనుక వినిపించే వేణువుకు తోడెందుకు లేదని ఎవరూ అడగరు, వేదిక మీది దృశ్యమూ మాటలూ ఆ ఖాళీని భరిస్తాయి.

తరువాత దారి వెడల్పయింది. ఆర్థర్ ఒనెగెర్ 1921లో ఒక నాటకంలోని నర్తకి కోసం మేకపిల్ల గంతులను వేణువు మీదికి తెచ్చాడు. ఇగార్ స్ట్రావిన్‌స్కీ 1918లో తన ‘సైనికుడి కథ’ ప్రదర్శనకు డబ్బు సమకూర్చిన స్విస్ వర్తకుడు, ఔత్సాహిక క్లారినెట్ వాద్యకారుడు వెర్నెర్ రైన్‌హార్ట్‌కు కృతజ్ఞతగా మూడు చిన్న క్లారినెట్ ఖండికలు రాసి, ఊపిరి గుర్తులను, నొక్కులను, వేగపు అంకెలను ఖచ్చితంగా పాటించాలని సూచన చేర్చాడు. బాఖ్ వాద్యకారుడికి వదిలేసిన నిర్ణయాన్ని స్ట్రావిన్‌స్కీ తిరిగి రచయిత చేతుల్లోకి తీసుకున్నాడు. 1940లో జర్మన్ సేనలకు బందీలుగా చిక్కిన ఒలివియె మెస్సియాన్, క్లారినెట్ వాద్యకారుడు ఆన్రీ అకోకాల దగ్గర ఉన్న వాద్యం ఆ ఒక్క క్లారినెట్టే. ఆ పరిస్థితిలో అకోకా కోసం పుట్టిన ‘పక్షుల అగాధం’ తరువాత, 1941 జనవరి 15న గోర్లిట్స్ యుద్ధఖైదీల శిబిరంలో తొలిసారి వాయించిన ‘కాలాంతం కోసం చతుర్వాద్యం’లో ఒక భాగమైంది. అందులో ఒక్క స్వరం వినీవినపడనంత మెల్లగా పుట్టి, చెవులు దిమ్మెక్కేంత వరకు నెమ్మదిగా పెరుగుతుంది. ఊపిరి హద్దునే మెస్సియాన్ రచనకు విషయం చేశాడు. బెంజమిన్ బ్రిటెన్ 1951లో ఓబోకు రాసిన ఓవిడ్ ఆరు రూపాంతరాలను జాయ్ బౌటన్ అనే వాద్యకారిణి ఇంగ్లండ్ తూర్పు తీరంలోని థోర్ప్‌నెస్ చెరువు మీద, ఆల్డ్‌బరా ఉత్సవంలో వాయించింది. మొదటి ఖండిక పాన్‌దే. ఐదవదైన నార్సిసస్‌లో నీటిలోని ప్రతిబింబం మెల్లగా జవాబిస్తూ క్రమంగా అసలు గొంతులో కలిసిపోతుంది. వాన్ ఐక్ వాడిన ప్రతిధ్వని ఉపాయానికి మూడు వందల ఏళ్ల తరువాత దొరికిన కథ ఇది.

డెబ్యుసీ వేణువును మొదట మోగించిన బరేర్ 1905లో న్యూయార్క్ చేరి స్థిరపడ్డాడు. 1930ల మధ్యలో అతడు ప్లాటినంతో వేణువు చేయించుకుని, దాని తొలి ప్రదర్శనకు ఒక రచన కావాలని ఎడ్గార్ వరేజ్‌ను కోరాడు. 1936లో పుట్టిన ఆ రచన పేరు ‘సాంద్రత 21.5’, ప్లాటినం సాంద్రత సుమారుగా అంతే. పేరు సాంకేతికంగా ఉన్నా రచన పొడిగా ఉండదు. వరేజ్ వేణువులోని కింది, మధ్య, పై స్థాయిలను మూడు వేర్వేరు ద్రవ్యాల్లా చూశాడు: కింది స్థాయిలో ఒక చిన్న పదం అణిగి అణిగి తిరుగుతుంది, హఠాత్తుగా పైస్థాయిలో ఒక స్వరం చెవిని చీల్చుకువస్తుంది. మధ్యలో ఒకచోట నాదంతో పాటు మీటలను గట్టిగా కొట్టిన చప్పుడు కూడా వినిపించాలని రాశాడు. 1847కు ముందున్న వేణువు మీద ఈ ఊహే రాదు. బోమ్ పెట్టిన యంత్రాంగం దాదాపు తొంభై ఏళ్లకు తాళవాద్యంగా కూడా పనికివచ్చింది.

1958లో లూచానో బెరియో, ఇటలీ వాద్యకారుడు సెవెరీనో గాజ్జెలోని కోసం రాసిన ‘సెక్వెన్‌త్సా’ తో పాత ప్రశ్న కొత్త వేషంలో తిరిగి వచ్చింది. ఒకే రేఖలో అనేక రేఖలను వినిపించాలన్నది బెరియో ఉద్దేశమే; దానికి అతడు వాడుకున్నది స్వరకూటమి జ్ఞాపకాన్ని కాదు, స్థాయి, వేగం, తీవ్రత, పలుకు అనే నాలుగు గుణాలు వేర్వేరుగా, ఒక్కోసారి ఒకదానికొకటి ఎదురుగా మారడాన్ని. ఒక చోట రెండు స్వరాలు నిజంగానే ఒకేసారి మోగుతాయి. పెదవి ఒత్తిడిని, వేళ్ల అమరికను మార్చి ఒకే గాలిస్తంభంలోంచి జంటస్వరాన్ని రాబట్టే ఈ పద్ధతిని 1967లో ఇటలీ రచయిత బ్రూనో బార్తొలొజ్జి తన గ్రంథంలో ఇతర సుషిరవాద్యాలకూ విస్తరింపజేశాడు. కాలాన్ని అంకెల్లో కాక కాగితం మీది ఖాళీల దూరంతో చూపే స్వరలిపిలో బెరియో దీన్ని రాశాడు. వాద్యకారులు ఆ స్వేచ్ఛను అతడు ఊహించినదానికంటె ఎక్కువగా వాడుకోవడంతో, 1992లో అతడే మొత్తం రచనను ప్రతి స్వరపు పొడవునూ నిర్ణయిస్తూ సాధారణ లిపిలో తిరిగి రాశాడు. కూర్పులు రెండూ నేటికీ వాద్యకారుల చేతుల్లో ఉన్నాయి. మొదటిదాన్నే వాయించేవారు తక్కువేమీ కాదు.

ఇదే కాలంలో జపాన్ రచయితలు ఈ వాద్యానికి వేరే చెవిని తెచ్చారు. కజువో ఫుకుషిమా 1962లో రాసిన ‘మెయి’ లో స్వరం జారుళ్లకు, ఊపిరి రాపిడికి శుద్ధస్వరంతో సమానమైన స్థానముంది. జపాన్ నో నాటకపు వేణువు పలుకు దానికి ఆదర్శం. 1971లో తోరు తకెమిత్సు, స్విస్ వాద్యకారుడు ఒరెల్ నికొలె కోసం రాసిన ‘వాయిస్’ లో వాద్యకారుడు వేణువులోకి ఊదడమే కాక, కవి షూజో తకిగుచి మాటలను దాని రంధ్రంలోకి పలకాలి, అరవాలి. నాదమూ మాటా ఒకే ఊపిరిలో వస్తుండగా, వేణువు పక్కన ఉండవలసిన రెండవ గొంతు వాయించేవాడిదే అవుతుంది.